ఏడో అధ్యాయం: అదేం తిండి?

మే నెల వచ్చిందంటే మా ఇంట్లో రాత్రి ఏడున్నరకి ఒక పంచాయితీ ఖాయం. మా నాయన ఉడుకుడుకు సంగటి ముద్దని తట్టలో పెట్టించుకొని (కంచాన్ని మా వైపు తట్ట అంటారు) నడిమధ్య బొటనవేలితో గుంట చేసేవాడు. ఏ ఇంట్లోనైనా ఆ గుంటలోకి పప్పో, నాటుకోడి పులుసో, ఇంత నెయ్యో పోస్తారు. మా నాయన మాత్రం బేనీషా మామిడిపండుని రెండు అరచేతుల మధ్య మెత్తగా పిసికి, తొడిమ పీకి, రసమంతా ఆ గుంటలోకి పిండేవాడు. టెంక చీకి పక్కన పెట్టాక ఒక పచ్చిమిరపకాయని ఉప్పులో అద్దుకొని కొరికేవాడు. ఒక ముద్ద తీపి సంగటి, ఒక కొరుకు మిరపకాయ. కళ్లల్లో నీళ్లు, ముఖంలో వెలుగు.

అమ్మ ఆయనతో నేరుగా ఏమీ అనేది కాదు. నాతో అనేది.

"చూడ్రా, మీ నాయన తినే కూడు చూడు. తీపీ కారం కలిపి తినేది యాడన్నా ఉందా? కుక్కలు గూడా ముట్టవు."

"ఊరికే ఉండు మే" అనేవాడు నాయన. ఇంకో మాట అనగానే తట్ట ఎత్తుకొని బయట తిన్నె మీదికి పోయేవాడు. అట్లా మామిడికాయల కాలం రెండు నెలలూ ఆయన ఒక్కడే వీధి దీపం కింద కూర్చొని తినేవాడు. లోపల మేం నలుగురం సంగటీ ఊరుబిండీ తింటుంటే, కిటికీలోంచి మిరపకాయ కొరికిన చప్పుడు వినపడేది.

ఒక ఉగాదికి, నాకు తొమ్మిదేళ్లప్పుడు అనుకుంటా, నోరు ఊరుకోక అడిగాను. "నువ్వు అలసంద వడని పాయసంలో ముంచుకొని తింటావు గదమ్మా, వడలో మిరపకాయ ఉంది గదా?" వీపు మీద ఒకటి పడింది. "అది పండగ తిండిరా. దానికీ దీనికీ పోలికా?"

ఆ దెబ్బ గురించి తర్వాత చాలాసార్లు ఆలోచించాను. అమ్మ దృష్టిలో తీపీ కారం కలవడం తప్పు కాదు, పది ఇళ్లలో కలవనిది ఒక్క ఇంట్లో కలవడం తప్పు. వడా పాయసానికి ఊరంతా సాక్షి. సంగటీ మామిడిపండుకి మా నాయన ఒక్కడే సాక్షి. తేడా అంతే. కానీ ఆ తేడా ఒక మనిషిని ఏటా రెండు నెలలు తిన్నె మీద కూర్చోబెట్టింది. ఇన్నేళ్లుగా నా దగ్గరికి కుటుంబ గొడవలతో వచ్చేవాళ్లను చూస్తున్నాను. డబ్బు గురించి, పిల్లల చదువు గురించి పోట్లాడుకుంటున్నామని మొదలుపెడతారు. పావుగంట గడిచేసరికి ఎవరో ఒకరు తిండి దగ్గర అన్న ఒక మాట బయటికొస్తుంది. పదేళ్ల కిందటి మాట, నిన్న అన్నట్టు చెబుతారు.

మూల మీద ఉన్న ఊళ్లు

నాయన పుట్టింది పుంగనూరు దగ్గర పల్లెలో. అమ్మది కుప్పం. నేను పెరిగింది మదనపల్లెలో. పాత చిత్తూరు జిల్లాకి ఇది పడమటి కొస. ఇక్కణ్ణుంచి ఒకవైపు పోతే కోలారు, ఇంకోవైపు పోతే కృష్ణగిరి. మేం సంగటి అనేదాన్నే కోలారు కన్నడం వాళ్లు ముద్దె అంటారు, తమిళం వాళ్లు కళి అంటారు. కుప్పం సంతలో గంటసేపు నిలబడితే మూడు భాషలూ వినొచ్చు, ఒక్కోసారి ఒకే మనిషి నోట్లోంచి. ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని 1997లో తెచ్చి కుప్పంలోనే పెట్టడం ఊరికే కాదు. పెళ్లి సంబంధాలకి సరిహద్దు రాయి అడ్డం రాదు. అందువల్ల ఇక్కడ ఏ ఇంటికి పోయినా ఒక వంటింట్లో రెండు మూడు వంటిళ్లు ఉంటాయి. అత్తది ఒకటి, కోడలిది ఒకటి, బెంగుళూరులో ఉద్యోగం చేసి వారానికొకసారి వచ్చే కొడుకుది ఇంకొకటి.

మా తమ్ముడి భార్యది తెనాలి. పెళ్లైన మొదటి ఉగాదికి మేం ఓళిగల్ని నంజుకుంటూ చారన్నం తింటుంటే ఆ అమ్మాయి అలాగే చూస్తూ ఉండిపోయింది. అది మామూలు చారు కూడా కాదు. ఓళిగల కోసం ఉడికించిన పప్పుని వార్చిన నీళ్లలో చింతపండు, మిరియాలు, ఒక పిడికెడు పూర్ణం కూడా వేసి కాస్తాం. "బొబ్బట్టుని నెయ్యితో తింటారు గానీ చారుతో ఏంటండీ?" అంది పాపం, మెల్లగానే. మా చెల్లెలు ఊరుకుంటుందా? "ఒక టిఫినీని ఇంకో టిఫినీలో పెట్టి మడిచి దానికి ఎమ్మెల్యే పెసరట్టని పేరు పెట్టింది మీ వైపోళ్లే గదా వదినా" అంది. అందరం నవ్వాం. తమ్ముడి భార్య కూడా నవ్వింది. అయితే ఆ తర్వాత మూడేళ్లు ఆమె మా ఇంట్లో ఓళిగ ముట్టుకోలేదని తమ్ముడు చెప్పేదాకా మాకెవరికీ తెలియదు. నవ్విన వాళ్లకి నవ్వుగానే ఉంటుంది.

సంప్రదాయం పేరు చెప్పి ఎవరైనా మిమ్మల్ని వెక్కిరిస్తే ఊరుబిండి గిన్నె చూపించండి. మా సీమ తిండి అంటే ముందు చెప్పేది సంగటీ ఊరుబిండే. శెనక్కాయలు వేయించి, ఎండుమిరపకాయలు, చింతపండు, ఉప్పు, రెండు తెల్లగడ్డ రెబ్బలు వేసి రోట్లో కచ్చాపచ్చాగా నూరుతారు. శెనక్కాయ పుట్టిల్లు దక్షిణ అమెరికా. మిరపకాయదీ అమెరికా ఖండాలే. కొలంబస్ 1492లో అటు పోకముందు ఈ రెండూ మన నేలలో లేవు. చింతచెట్టు ఆఫ్రికా నుంచి వచ్చింది. సంగటిలోని రాగులు కూడా తూర్పు ఆఫ్రికా మిట్టల నుంచే, కాకపోతే కొన్ని వేల ఏళ్ల కిందట. అంటే ఏదో ఒక కాలంలో, ఏదో ఒక పల్లెలో, ఎవరో ఒక ఇల్లాలు కొత్తగా వచ్చిన శెనక్కాయని కొత్తగా వచ్చిన మిరపకాయతో నూరి సంగటి పక్కన పెట్టి ఉంటుంది. ఆ రోజు వాళ్లత్త ఏమని ఉంటుందో ఊహించుకోవడం కష్టమేమీ కాదు.

టమోటాదీ అదే కథ. ఇప్పుడు మదనపల్లె అంటే టమోటా. దేశంలో పెద్ద టమోటా మార్కెట్లలో మాదొకటి. 2023 జులై చివర్లో ఇక్కడ మొదటి రకం కిలో దాదాపు 200 రూపాయలు పలికింది. ఇదే మార్కెట్లో కోత కూలి కూడా గిట్టక రైతులు పళ్లని రోడ్డు పక్కన పారబోసిన రోజులు అంతకన్నా ఎక్కువ. అట్లాంటి రోజుల్లో మా వీధిలో ప్రతి ఇంటికీ ఒక గంప ఊరికే వచ్చేది. ఏం చేస్తారు? పప్పులో టమోటా, చారులో టమోటా, ఊరుబిండిలో టమోటా. అప్పటికీ మిగిలితే మా అవ్వ పండిన కాయని చక్రాలుగా కోసి, చక్కెర చల్లి, మా చేతుల్లో పెట్టేది. మిఠాయి కొనలేని ఇంట్లో అదే మిఠాయి. ఈ రోజుకీ నాకు టమోటా చక్కెర కనపడితే నోరూరుతుంది. నా భార్య ముఖం తిప్పుకుంటుంది. వింత జతలు సగం ఇట్లా పుట్టినవే. ధర పడిపోయి కొన్ని, రాత్రి గిన్నెలో మిగిలి కొన్ని. వాటిని తినేవాడికి అందులో రుచితో పాటు ఆ గంప, ఆ అవ్వ కూడా ఉంటారు. చూసేవాళ్లకి టమోటా, చక్కెర మాత్రమే కనపడతాయి.

నాలుక ఎవరిది వాళ్లదే

1931లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక పొడిని సీసాలోకి ఒంపుతుంటే కొంచెం గాల్లోకి లేచింది. పక్కనున్న సహోద్యోగి చేదు, చేదు అని మొత్తుకున్నాడు. ఫాక్స్‌కి ఏ రుచీ తెలియలేదు. నువ్వు అబద్ధం చెబుతున్నావంటే నువ్వే చెబుతున్నావని ఇద్దరూ వాదించుకున్నారట. చివరికి తేలిందేమంటే ఇద్దరూ నిజమే చెప్పారు. ఆ పదార్థం కొందరికి భరించలేని చేదు, కొందరికి రుచే ఉండదు. ఆ తేడా తల్లిదండ్రుల నుంచి పిల్లలకి వస్తుంది. అన్ని చేదులకీ అదొక్కటే కారణం కాదు. అయినా ఒకే గిన్నెలోని కూరని తిని ఒకరు బాగుందంటే ఇంకొకరు నోట్లో పెట్టలేమన్నప్పుడు, రెండో మనిషి నాటకాలాడటం లేదని తెలుసుకోడానికి ఈ సంగతి చాలు.

పుట్టింటి రుచి అని మనవాళ్లు ఊరికే అనలేదు. ఫిలడెల్ఫియాలోని మోనెల్ సంస్థలో జూలీ మెన్నెల్లా బృందం కొందరు గర్భిణులతో చివరి మూడు నెలల్లో క్యారెట్ రసం తాగించింది. కొందరితో బాలింతలుగా ఉన్నప్పుడు తాగించింది. ఆ పిల్లలకి ఘనాహారం మొదలుపెట్టాక క్యారెట్ రుచి కలిపిన జావ ఇస్తే, మామూలు జావకన్నా తక్కువ ముఖం చిట్లించారు. 2001లో అచ్చయిన పని ఇది. అంటే తెనాలి అమ్మాయికి ముద్దపప్పు ఆవకాయ, మా తమ్ముడికి ఓళిగల చారు, వాళ్లు పుట్టకముందే పరిచయం. ముప్పై ఏళ్లు వచ్చాక పెళ్లి చేసి, ఇకనుంచి నీ నాలుక మార్చుకో అనడం కుదిరే పని కాదు. మెల్లగా పక్కన ఇంకొకటి చేర్చుకోవచ్చు. పాతది తీసేయలేం.

వీటన్నిటికన్నా గట్టి కారణం ఇంకొకటుంది. అది నాలుక మీద ఉండదు.

పుంగనూరులో నాకు తెలిసిన ఇల్లొకటి ఉంది. పుంగనూరు అనగానే అందరూ అడిగే ప్రశ్నకి ముందే జవాబు చెబుతా: లేదు, ఆ ఇంట్లో పుంగనూరు ఆవు లేదు. నడుమెత్తు కూడా రాని ఆ పొట్టి ఆవులు ఇప్పుడు ఆ ఊళ్లోకన్నా ఫొటోల్లో ఎక్కువ కనపడతాయి. వీళ్లింట్లో పెరుగు ప్యాకెట్టుదే. సరే, ఆ ఇంట్లో ఎనభై దాటిన జేజి ఉంది. మనవడి భార్య బెంగుళూరులో పెరిగిన పిల్ల. ఆ పిల్ల పొద్దున్నే నిన్నటి సంగటిని మజ్జిగలో పిసికి, అందులో తరిగిన ఎర్రగడ్డ, దానిమ్మ గింజలు వేసుకొని, గిన్నె ఒళ్లో పెట్టుకొని చెంచాతో తింటుంది. జేజి ఆ గిన్నె వైపు చూడదు. చూస్తే తిడుతుంది. దానిమ్మ గింజలు కదా కారణం అనుకున్నాను నేను. కానే కాదు.

ఒకరోజు ఆమె పక్కన కూర్చొని అడిగితే చెప్పింది. "నేను కాపరానికొచ్చినప్పుడు మూడు పూట్లా ఇదే నాయనా. సద్ది సంగటి, గొడ్డుకారం. వరిబువ్వ పండక్కి, చుట్టాలొస్తే. పిలకాయలు బువ్వ బువ్వ అని ఏడిస్తే కొట్టి సంగటి పెట్టినా. అది వదిలించుకునేదానికి ఒక జీవితం పట్టింది. ఇప్పుడీ పిల్లకి ఏం తక్కువైందని తింటాది?"

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో బియ్యం రెండు రూపాయలకి ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ తర్వాత తెల్లటి అన్నం పండగతో పని లేకుండా పొయ్యి మీదికొచ్చింది. జేజికి అది పేదరికం మీద గెలుపు. ఆ పిల్లకి సంగటి అంటే వేరే సంగతి. వంద గ్రాముల రాగుల్లో కాల్షియం 340 మిల్లీగ్రాముల పైచిలుకు, తెల్లబియ్యంలో పది చుట్టూ అని ఆమె ఫోన్లో చదివింది. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అన్నప్పుడు వాళ్ల ఆఫీసు క్యాంటీన్లో రాగి ముద్ద పెట్టారట. ఒకే గిన్నెని చూసి ఒకామె ఆకలి గుర్తు తెచ్చుకుంటుంది, ఒకామె ఆరోగ్యం చూసుకుంటుంది. ఈ ఇద్దరి మధ్య రుచి గురించి వాదన పెడితే వందేళ్లకీ తేలదు.

నేనేమీ ఉపదేశం చేయలేదు. జేజి చెప్పింది ఆ పిల్లకి చెప్పాను, అంతే. వారం తర్వాత ఆ పిల్ల చేసిన పని నాకు తట్టేది కాదు. పొద్దున తన గిన్నె కలుపుకునేముందు జేజికి వేడి వేడి తెల్లన్నం, నెయ్యి, ఊరగాయ పెట్టి ఎదురుగా కూర్చుంది. జేజి ఇప్పుడూ ఆ దానిమ్మ గిన్నె వైపు చూడదు. తిట్టడం మాత్రం మానేసింది.

అందుకని మీ ఇంట్లో ఎవరైనా ఒక తిండిని చూసి అతిగా విసుక్కుంటుంటే, రుచి ఎట్లా ఉందని అడగొద్దు. "నీ చిన్నప్పుడు ఇది ఎవరు తినేవాళ్లు?" అని అడగండి. జవాబులో ఒక మనిషి పేరు వస్తుంది. తర్వాత మాట్లాడాల్సింది ఆ మనిషి గురించి.

నచ్చదు, పడదు

మన భాషలో ఒక చిక్కుంది. నచ్చనిదాన్నీ పడదంటాం, ఒంటికి సరిపడనిదాన్నీ పడదంటాం. ఇంట్లో ఈ రెంటినీ విడదీయండి. శెనక్కాయ తింటే ఒళ్లంతా దద్దుర్లు లేచి గొంతు పట్టేసే మనిషికి ఊరుబిండి రుచి చూడమని బతిమాలడం ప్రాణం మీదికి తేవడమే. చక్కెర జబ్బున్న మామకి పెరుగన్నంలో మామిడిపండు పిసికి పెట్టి, ఒక్క రోజుకి ఏం కాదులే అనడం ప్రేమ కిందికి రాదు. ఇట్లాంటి చోట వింత జత, మామూలు జత అన్న తేడా లేదు. డాక్టరు మాటే మాట.

నమ్మకాల వల్ల వచ్చే భయాలు వేరు. పాలూ చేపలూ కలిస్తే బొల్లి వస్తుందని పెద్దలు గట్టిగా చెబుతారు. ఆయుర్వేదంలో విరుద్ధాహారం అని పెద్ద జాబితానే ఉంది. బొల్లి సంగతికి నేటి వైద్యంలో ఆధారం లేదు. బెంగాలీలు చేపల్ని పెరుగులోనే వండుకొని తింటున్నారు. అయినా మా అమ్మ ముందు ఈ వాదన పెట్టి గెలిచిన రోజు లేదు, గెలవాల్సిన పనీ లేదు. ఆమె తినదు, సరే. ఇంకొకరిని తినొద్దనే హక్కు ఆమెకి లేదు. ఆ గీత దగ్గర మాత్రం మెత్తగానే, కానీ గట్టిగా నిలబడాలి.

గిన్నె అందరిది, తట్ట ఎవరిది వాళ్లది

నేను ఇళ్లలో చెప్పే పద్ధతి ఒక్కటే. పొయ్యి మీద నుంచి దిగే గిన్నెలో ఎవరూ తమ వింత కలపకూడదు. తట్టలోకి వచ్చాక ఎవరూ దాని మీద వ్యాఖ్యానం చేయకూడదు. మొదటి సగం వింత తిండి వాళ్లకి, రెండో సగం మిగతా వాళ్లకి. ఉప్మాలో చక్కెర ఇష్టమైతే నీ తట్టలో చల్లుకో. బాండలిలో చల్లావంటే నువ్వే తప్పు. ఇడ్లీ మీద బెల్లం పాకం పోసుకునేవాడు పాకం గిన్నె తనే కడగాలి. ఈ చివరి ముక్క చిన్నదిగా కనపడుతుంది గానీ, చాలా ఇళ్లలో ఆడవాళ్ల చిరాకు జత మీద ఉండదు, అదనంగా పడే గిన్నె మీద ఉంటుంది. మగవాళ్లు దాన్ని రుచి గొడవ అనుకుంటారు.

వ్యాఖ్యానం అంటే తిట్టే కాదు. ముక్కు చిట్లించడం, పక్కవాళ్లని చూసి కళ్లెగరేయడం, చుట్టాలొచ్చినప్పుడు "మా ఆయన తిండి చూశారా" అని కథ మొదలుపెట్టడం కూడా అదే లెక్కలోకి వస్తాయి. కుప్పం నుంచి రోజూ తెల్లారి రైల్లో బెంగుళూరు పోయే కుర్రాడొకడు ఉగాది మర్నాడు క్యారియర్లో ఓళిగ, చారన్నం పెట్టించుకొని పోయాడు. ఆఫీసులో ఇద్దరు నవ్వారు. సాయంత్రం ఇంటికొచ్చి ఇకమీదట క్యారియర్ వద్దని పెళ్లాంతో అన్నాడు. కారణం చెప్పలేదు. తన వంట నచ్చలేదేమోనని ఆ అమ్మాయి నెల రోజులు కుమిలింది. నవ్విన వాళ్లకి ఇవేవీ తెలియవు. అదే ఆఫీసులో ఉన్న తుమకూరు వాడు, మా ఇంట్లో ఒబ్బట్టు సారు ఇట్లాగే చేస్తారని సగం తను పెట్టించుకున్నాడట. ఆ సంగతి కూడా కుర్రాడు ఇంట్లో చెప్పలేదు. మంచి మాట మర్చిపోయి చెడ్డ మాట మోసుకొచ్చాడు. మనందరం అంతే.

రుచి చూపించాలని ఉంటే ఒక్క ముద్ద, ఒక్కసారి అడగండి. వద్దంటే ఆ పూటకి వదిలేయండి. కొత్త రుచిని పిల్లలు ఒప్పుకోడానికి పది పదిహేను సార్లు ఎదురుపడాల్సి వస్తుందని పిల్లల తిండి మీద పరిశోధన చేసినవాళ్లు చెబుతారు. ఎదురుపడటం అంటే ముఖ్యంగా కొంచెం రుచి చూడటం. పక్కవాళ్ల తట్టలో చూడటం, వాసన రావడం కూడా దానికి తోడవుతాయి. నోరు తెరిచి కుక్కితే ఆ లెక్క వెనక్కి పోతుంది. పెద్దవాళ్లకి ఇంకొంచెం ఎక్కువ ఓపిక పడుతుంది.

ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. ఈ మధ్య ఫోన్లలో కనపడే ఫాంటా మ్యాగీలు, చాక్లెట్ దోసెలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అవి ఎవరి నాలుకలోంచీ, ఎవరి లేమిలోంచీ పుట్టలేదు. చూసేవాళ్ల కోసం పుట్టాయి. వాటిని వెనకేసుకొచ్చే పని నాకు లేదు. మీ ఇంట్లో పిల్లలు అవి తింటే మాత్రం పైన చెప్పిందే, నోరు మూసుకోవాలి. నేను మూసుకోలేకపోయాను.

మా అమ్మాయికి పన్నెండేళ్లు. పోయిన వేసవిలో పెరుగన్నంలో చిప్స్ ప్యాకెట్టు విప్పి, గుప్పెడు నలిపి కలుపుకుంది. కరకరమంటూ తింటోంది. పుస్తకాలు రాసేవాణ్ణి, నలుగురికి చెప్పేవాణ్ణి, నా నోట్లోంచి వచ్చిన మాట: "ఛీ, అదేం తిండే?"

పిల్ల ఏమీ అనలేదు. గిన్నె తీసుకొని లేచింది. తిన్నె వైపు నడిచింది.

అప్పుడు మా అమ్మ, అదే మా అమ్మ, గదిలోంచి అరిచింది. "దాన్నేమీ అనొద్దురా. మేం పెరుగన్నంలో ఊరమిరపకాయ నలుపుకోలా? అదీ కరకరే, ఇదీ కరకరే. రావే, లోపలికి రా, ఈడ కూర్చొని తిను."

మంచం మీద పడుకున్న మా నాయన కళ్లు తెరిచాడు. ఎనభై మూడేళ్లు ఆయనకి. పైకప్పు వైపు చూస్తూ మెల్లగా అన్నాడు, "నాకు చెప్పలే ఆ మాట."

అమ్మ వినపడనట్టే వంటింట్లోకి పోయింది. ఆ రాత్రి సంగటి చేసింది. మామిడిపండ్ల గంప తెచ్చి నాయన మంచం పక్కన పెట్టింది, ఏమీ మాట్లాడలేదు. మామిడిపండు కలిపిన సంగటిని ఆమె ఒక్క ముద్దయినా రుచి చూడలేదు. ఈ రోజుకీ చూడలేదు.

ఈ అధ్యాయంలో మీరు చేయాల్సిన పని ఒకటుంది. ఒక కాగితం తీసుకొని మీ ఇంట్లో ఒక్కొక్కరి పేరు ఎదురుగా, ఎవరూ చూడనప్పుడు వాళ్లు ఏది దేంతో కలుపుకొని తింటారో రాయండి. రాయలేకపోతే వాళ్లని అడగొద్దు. ఈ రాత్రి ఫోను పక్కన పెట్టి వాళ్లతో కూర్చొని తినండి. ఎవరైనా తట్ట ఎత్తుకొని బయటికి పోతే, మీ తట్ట కూడా ఎత్తుకొని పోండి.